జ్యూరీ సమన్లు వచ్చాయి, విమానం టికెట్లూ ఉన్నాయి

శనివారం పోస్టులో వచ్చే కాగితాల్లో ముప్పాతిక మా ఇంట్లో నేరుగా చెత్తబుట్టకే వెళతాయి. పిజ్జా కూపన్లు, ఇంటి కప్పు బాగు చేస్తామనేవాళ్ల ప్రకటనలు, మా ఇంటిపేరును ఇంతవరకూ ఒక్కసారీ సరిగా రాయలేకపోయిన క్రెడిట్ కార్డు కంపెనీల ఉత్తరాలు. ఆ రోజు ఆ కట్టలో కాస్త మందంగా, మడిచి అంచులు అతికించిన కాగితం ఒకటి కనిపించింది. పైన కౌంటీ ముద్ర. విప్పితే జ్యూరీ సమన్లు, అంటే కోర్టు కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందంలో కూర్చోవడానికి రమ్మన్న పిలుపు. నా పేరు, ఒక జ్యూరర్ నంబరు, హాజరు కావలసిన తేదీ, ఉదయం 8 గంటలు అని సమయం. కింద చింపి పంపడానికి వీలుగా చిల్లుల గీత, దాని కింద ప్రశ్నలు. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు మేము హైదరాబాద్ విమానం ఎక్కాలి. విజయవాడలో మేనకోడలి పెళ్లి. టికెట్లు కొని మూడు నెలలైంది.

ముందు నవ్వొచ్చింది. అమెరికా పౌరసత్వ పరీక్షకు 2008 నాటి 100 ప్రశ్నల జాబితాను బట్టీ పట్టినవాళ్లకు 49వ ప్రశ్న గుర్తుంటుంది. అమెరికా పౌరులకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పండి, అంటుంది ఆ ప్రశ్న. జవాబులు రెండే: జ్యూరీలో పనిచేయడం, ఫెడరల్ (కేంద్ర స్థాయి) ఎన్నికల్లో ఓటు వేయడం. అధికారి ఎదురుగా కూర్చుని టపీమని చెప్పిన ఆ జవాబే కాగితమై ఇంటికి వచ్చిందన్నమాట.

ఆ సాయంత్రం ఒక పుట్టినరోజు విందులో ఈ మాట ఎత్తాను. ప్లేటు నిండేలోపు నాలుగు సలహాలు దొరికాయి. “రిజిస్టర్డు పోస్టులో రాలేదుగా, వాళ్లకేం తెలుస్తుంది, పడేయండి.” “ఇంగ్లీషు సరిగా రాదని రాసేయండి అన్నా.” “పోలీసులంటే నాకు నమ్మకం లేదని జడ్జి ముందు చెప్పండి, అక్కడికక్కడే పంపించేస్తారు.” “ఆఫీసులో పని ఎక్కువని రాస్తే చాలు.” మొదటి మూడూ చేయకూడదని నాకే తోచింది. నాలుగోది చేశాను. అదీ తప్పేనని రెండు రోజుల్లో తేలింది.

మూడు దారులు, మూడు వేర్వేరు మాటలు

సమన్లు అందుకున్న మనిషి ఆ రోజు వెళ్లకుండా ఉండడానికి చట్టం మూడు దారులు పెట్టింది. మనం మాటల్లో మూడింటినీ కలిపేస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది అనర్హత. మీరు జ్యూరీలో కూర్చోవడానికి చట్టప్రకారం పనికిరారు. ఫెడరల్ కోర్టుల విషయంలో 1968 నాటి జ్యూరీ ఎంపిక చట్టం ప్రకారం పౌరుడై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, ఆ న్యాయ జిల్లాలో ఏడాదిగా నివసిస్తూ ఉండాలి, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం తగినంత వచ్చి ఉండాలి. ఏడాదికి మించి శిక్షపడే నేరారోపణ నడుస్తూ ఉండకూడదు. ఇందులో ఒక్కటి తప్పినా మీరు అడగవలసింది ఏమీ లేదు, చెప్పవలసిందే ఉంది. అనర్హుడు తన మీద దయ చూపమని కోరడం లేదు, ఒక వాస్తవాన్ని తెలియజేస్తున్నాడు.

రెండోది మినహాయింపు. మీరు అర్హులే, కానీ కొన్ని పరిస్థితుల్లో ఉన్నవాళ్లు కావాలంటే తప్పుకోవచ్చని రాష్ట్రం అనుమతించింది. మేముండే టెక్సస్‌లో 75 ఏళ్లు దాటినవాళ్లకు ఆ వీలుంది. 2023 సెప్టెంబరుకు ముందు ఆ వయసు 70. 12 ఏళ్ల లోపు పిల్లలు ఉండి, మీరు కోర్టుకు వెళితే వాళ్లను చూసుకునే దిక్కు లేకపోతే ఆ వీలుంది. కాలేజీలో చేరి తరగతులకు వెళుతున్న విద్యార్థులకూ ఉంది. ఇదే విద్యార్థి కాలిఫోర్నియాలో ఉంటే చదువు పేరుతో మినహాయింపు దొరకదు, సెలవుల్లోకి తేదీ మార్చుకోవాలి. ఒక రాష్ట్రంలో ఉన్న మేనత్త చెప్పిన మాట మరో రాష్ట్రంలో ఉన్న మేనల్లుడికి పనికిరాకపోవడానికి ఇదే కారణం. ఎవరి సమన్ల వెనకవైపు ఏం ముద్రించి ఉందో వాళ్లు చదువుకోవలసిందే.

మూడోది వాయిదా. మీరు అర్హులు, మినహాయింపు కోరడం లేదు, ఆ తేదీ మాత్రం కుదరదు.

వాయిదా అనే మాట మన భాషలో ఎంత చక్కగా కుదిరిందో చూడండి. పని వెనక్కి జరిగితే వాయిదా పడింది అంటాం. మన ఊళ్లలో పొలం గట్టు తగాదాలో ఇరుక్కున్న పెద్దాయన “రేపు వాయిదా ఉంది” అంటే మాత్రం ఆయన రేపు కోర్టుకు వెళ్లాలని అర్థం. ఒకే మాట జరపడాన్నీ చెబుతుంది, హాజరు కావలసిన రోజునూ చెబుతుంది. జ్యూరీ వాయిదా స్వభావం కూడా సరిగ్గా అదే. పాత తేదీ పోతుంది, ఆ క్షణంలోనే కొత్త తేదీ పుడుతుంది. దీన్ని తప్పించుకునే ఉపాయంగా చూసినవాళ్లే తరవాత ఇబ్బంది పడతారు.

నేను చేసిన తప్పు ఏమిటంటే, నాకు కావలసింది మూడోది అయినా రెండోదాని తలుపు తట్టాను. కౌంటీ వెబ్‌సైటులో ‘ఇతర కారణాలు’ అనే పెట్టె కనిపించింది. అందులో మూడు పేరాలు రాశాను. ప్రాజెక్టు గడువు దగ్గరపడిందని, నేను లేకపోతే బృందం ఆగిపోతుందని, కంపెనీకి నష్టమని. మేనేజరుకు ఏడాది చివర రాసే స్వయం మూల్యాంకనం కూడా నేను అంత శ్రద్ధగా రాయలేదు. రెండు రోజుల తరవాత ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: మీ అభ్యర్థన తిరస్కరించడమైనది.

తిరస్కరించినవాళ్లకు నా మీద కోపం ఏమీ లేదు. టెక్సస్ చట్టంలో ఒక నిబంధన ఉంది. ఆర్థిక కారణం చూపి జ్యూరర్‌ను వదిలేయాలంటే, ఆ కేసులోని పక్షాలన్నీ అక్కడ ఉండి ఒప్పుకోవాలి. అంటే ఉద్యోగం, వ్యాపారం, నష్టం అనే మాటలు ఎంత గట్టిగా రాస్తే తలుపు అంత గట్టిగా మూసుకుంటుంది. నేను మూడు పేరాల్లో పేర్చింది అచ్చంగా ఆ మాటలే. పెళ్లి గురించి, టికెట్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. అవి కోర్టుకు చిన్న కారణాలుగా కనిపిస్తాయని నా అంచనా.

మరునాడు ఫోన్ చేశాను. అవతల క్లర్కు ఆఫీసులో ఒకావిడ జ్యూరర్ నంబరు అడిగారు. నేను టికెట్లు, పెళ్లి, మేనమామగా నా బాధ్యతలు అంటూ మొదలుపెట్టబోయాను.

“తేదీ మార్చుకోవాలా?” అని అడ్డుకున్నారు ఆవిడ.

“అవునండీ.”

“ఎప్పటికి?”

ఫిబ్రవరిలో ఒక సోమవారం చెప్పాను. కీబోర్డు చప్పుడు వినిపించింది. కొత్త తేదీ చెప్పి, పాత కాగితమే తెచ్చుకోమన్నారు. మూడు నిమిషాలు పట్టింది. కారణం అడగలేదు, టికెట్ చూపించమనలేదు.

టెక్సస్‌లో మొదటి వాయిదాకు కారణం చెప్పనక్కరలేదు. గడిచిన ఏడాదిలో ఆ కౌంటీలో మీరు వాయిదా తీసుకోకుండా ఉండి, హాజరు తేదీకి ముందే అడిగి, ఆరు నెలలు దాటని మరో తేదీకి ఒప్పుకుంటే క్లర్కు ఇచ్చి తీరాలి. ఇవ్వవచ్చు అని కాదు, ఇవ్వాలి అని ఉంది చట్టంలో. రెండోసారికి కథ పూర్తిగా మారుతుంది. కుటుంబంలో మరణం, హఠాత్తుగా జబ్బు, ప్రకృతి విపత్తు లాంటి, మొదటిసారి అడిగినప్పుడు ఊహించడానికి వీల్లేని తీవ్రమైన అత్యవసరం ఉంటేనే రెండో వాయిదా.

అందుకే తేదీ ఎంచుకోవడంలో తొందర పనికిరాదు. మాకు తెలిసిన ఒకాయన ఆరు నెలలు అనగానే సరిగ్గా ఆరో నెల చివరి వారం పెట్టేసుకున్నారు, అప్పటికి చూద్దాంలే అని. ఆ వారమే కొడుకును కాలేజీలో దిగబెట్టాలి. పిల్లవాడు ఎప్పుడు కాలేజీకి వెళతాడన్నది ఊహించలేని అత్యవసరం కిందికి రాదు కదా! ఆయన భార్యే ఒక్కతే కారు నడుపుకుంటూ వెళ్లి దిగబెట్టి వచ్చారు. ఆ ప్రయాణం గురించి వాళ్లింట్లో ఇప్పటికీ మాట వస్తుంది.

మిగతా చోట్లా పద్ధతి దాదాపు ఇదే, వివరాలు వేరు. న్యూయార్క్‌లో మొదటిసారి ఫోనులోనో ఆన్‌లైన్‌లోనో అడిగితే రెండు నుంచి ఆరు నెలల మధ్య తేదీకి మారుస్తారు. మసాచుసెట్స్‌లో మొదటి తేదీ నుంచి ఏడాది వరకూ జరుపుకోవచ్చు. పాలిచ్చే తల్లులకు కాలిఫోర్నియాలో ఏడాది వరకూ వాయిదా ఇచ్చే నియమం ఉంది, అవసరమైతే దాన్ని పొడిగిస్తారు కూడా. ఫెడరల్ కోర్టులు మాత్రం మొదటిసారికే కారణం అడుగుతాయి. ‘అనుచితమైన కష్టం లేదా తీవ్ర అసౌకర్యం’ అన్నది అక్కడి కొలత. ముందే కొన్న విమానం టికెట్లు, శస్త్రచికిత్స తేదీ, పరీక్షలు లాంటివి కాగితంతో సహా జతచేసి, ఒకటి రెండు వాక్యాల్లో రాయడం మంచిది. నా మూడు పేరాల లాంటివి ఎక్కడా పనిచేయవు.

ఇంకొకటి చూసుకోవాలి. మీకు వచ్చింది మామూలు విచారణ జ్యూరీకా, గ్రాండ్ జ్యూరీకా? మొదటిది చాలా చోట్ల ఒక్క రోజు, లేదా ఒక్క కేసు. రెండోది నేరారోపణ మోపాలా వద్దా అని తేల్చే బృందం. ఫెడరల్ గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది ఉంటారు, దాని కాలపరిమితి 18 నెలల దాకా ఉండవచ్చు. రోజూ వెళ్లనక్కరలేదు గానీ, అన్ని నెలల పాటు మీ క్యాలెండరులో దానికి చోటుండాలి. అక్కడ ఒక వారం వాయిదా అడిగి లాభం లేదు, ఎందుకు కుదరదో వివరంగా చెప్పుకోవాలి.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు వాయిదా అడగకూడదు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

జ్యూరీ పిలుపులకు పేర్లు ఎక్కడివి? ఓటర్ల జాబితాలు, చాలా రాష్ట్రాల్లో వాటితోపాటు డ్రైవింగ్ లైసెన్సు, గుర్తింపు కార్డుల జాబితాలు. లైసెన్సు హెచ్-1బి మీద ఉన్నవాళ్లకూ ఉంటుంది, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఉంటుంది. కంప్యూటరు పేర్లు ఏరుతుంది, పాస్‌పోర్టు రంగు చూడదు. కాబట్టి పౌరసత్వం లేని తెలుగువాళ్లకు సమన్లు రావడం వింతేమీ కాదు. వచ్చినంత మాత్రాన మీరు తప్పు చేసినట్టూ కాదు, ప్రభుత్వం మిమ్మల్ని పౌరుడిగా గుర్తించినట్టూ కాదు.

అప్పుడు చేయవలసింది ఒక్కటే. ప్రశ్నల కాగితంలో అమెరికా పౌరులా అనే ప్రశ్నకు కాదు అని గుర్తుపెట్టి, సంతకం చేసి, గడువులోగా పంపాలి. పంపేముందు ఫొటో తీసి దాచుకోవాలి.

ఇక్కడ మంచితనం కొద్దీ పొరపాటు చేసేవాళ్లు ఉన్నారు. కోర్టు కాగితానికి కాదు అని రాయడం మర్యాదగా ఉండదేమో అనుకుని, ‘ఈ నెల కుదరదు, తరవాత వస్తాను’ అని వాయిదా అడుగుతారు. వాయిదా అడగడమంటే అర్థం ఏమిటి? నేను అర్హుణ్ణే, ఇప్పుడు తీరిక లేదు, అని. అర్హతల్లో మొదటిది పౌరసత్వం. ఇంకా ముందుకు వెళ్లి, ఆ కాగితంలో పౌరుణ్ణే అని గుర్తుపెట్టి సంతకం చేస్తే అది పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పడం కిందికి వస్తుంది. అమెరికా వలస చట్టంలో దీనంత కఠినంగా చూసే తప్పులు తక్కువ. దేశం నుంచి పంపించివేయడానికీ, మళ్లీ రానివ్వకపోవడానికీ అది కారణం కాగలదు. అదే మనిషి కొన్నేళ్ల తరవాత పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు, ఎప్పుడైనా పౌరుణ్ణని చెప్పుకున్నారా అనే ప్రశ్న ఆ ఫారంలోనే ఎదురవుతుంది.

టెక్సస్ లాంటి చోట పౌరుణ్ణి కాదని రాసిన జ్యూరర్ల జాబితా ఓటర్ల నమోదు అధికారికి వెళుతుంది. ఓటరుగా నమోదు కానివాళ్లకు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. లైసెన్సు తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గర అడిగిన ప్రశ్న సరిగా వినకుండా అవునని చెప్పేసి, పొరపాటున ఓటరుగా నమోదైపోయిన అనుమానం ఉన్నవాళ్లు మాత్రం వలస న్యాయవాదిని కలిసి, ఆయన చెప్పినట్టు జవాబు పంపాలి. వాట్సాప్ గ్రూపులో అడిగే ప్రశ్న కాదు ఇది.

అమ్మానాన్నల పేరు మీద వస్తే

పౌరసత్వం తీసుకున్న పెద్దవాళ్లది మరో రకం చిక్కు. 55 ఏళ్లు దాటి, గ్రీన్‌కార్డుతో 15 ఏళ్లు ఉన్నవాళ్లు ఇంగ్లీషు పరీక్ష లేకుండా, దుభాషి సాయంతో తెలుగులోనే జవాబులు చెప్పి పౌరులు కావచ్చు. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లు ఉన్నవాళ్లకూ ఈ వీలుంది. అలా పౌరురాలైన మా పెద్దమ్మకు నిరుడు సమన్లు వచ్చాయి. ఆవిడకు ఇంగ్లీషులో వచ్చింది థాంక్యూ, సారీ, ధరల బేరం.

పిల్లలు ఇలాంటప్పుడు వాయిదా పెట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. ఆరు నెలల తరవాత అదే కాగితం, అదే పెద్దమ్మ, అదే ఇంగ్లీషు. ఇక్కడ సరైన జవాబు అనర్హత: విచారణ అర్థం చేసుకునేంత ఇంగ్లీషు రాదు. నిజంగా రానివాళ్లు రాదని రాయడంలో సిగ్గుపడవలసింది లేదు. ఇరవై ఏళ్లుగా ఆఫీసు సమావేశాలు నడిపే మనలాంటివాళ్లు అదే గడిలో గుర్తుపెడితే అది అబద్ధం, దానికి శిక్ష ఉంది. అన్నట్టు, న్యూమెక్సికో రాజ్యాంగం ఇంగ్లీషు రాదన్న కారణంతో జ్యూరీ నుంచి తప్పించడానికి ఒప్పుకోదు. అక్కడ కోర్టే దుభాషిని ఇస్తుంది. పెద్దమ్మ అక్కడ ఉండి ఉంటే, ఆ జ్యూరీ గదిలో మిగతావాళ్ల మాట సాగేదా అని మా ఇంట్లో అనుమానం.

ఇండియాకు తిరిగి వెళ్లిపోయిన అమెరికా పౌరులకు పాత చిరునామాకు పిలుపు వస్తుంటుంది. వాళ్లూ వాయిదాలు అడుగుతూ కూర్చోనక్కరలేదు. అక్కడ నివాసం లేదని రాసి పంపితే సరిపోతుంది.

మనకెందుకు ఇంత కొత్త

కోర్టు మెట్లు ఎక్కకుండా బతకడమే గౌరవం అని నమ్మే ఊళ్ల నుంచి వచ్చాం. తప్పు చేయని మనిషిని కోర్టు ఎందుకు పిలుస్తుంది అనేది మన మొదటి అనుమానం. ఏ తగాదాతోనూ సంబంధం లేనివాడే కావాలి కాబట్టి పిలిచారు అన్న సంగతి తలకెక్కడానికి సమయం పడుతుంది.

జ్యూరీ మనకు బొత్తిగా తెలియనిదీ కాదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1665లోనే మద్రాసులో జ్యూరీ ముందు హత్య కేసు నడిచింది. తరవాత ఆ పద్ధతి దేశంలో కొన్ని చోట్లే, అదీ అంతంతమాత్రంగా సాగింది. 1958లో లా కమిషన్ దాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. మరుసటి ఏడాది బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో జ్యూరీ 8-1 తేడాతో నిందితుడు నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని అందరూ అంటారు గానీ, అప్పటికే అది మంచం పట్టి ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటు లేకుండా పోయింది. పార్శీల వివాహ వివాదాల కోర్టుల్లో ప్రతినిధులు కూర్చునే ఏర్పాటు ఒక్కటే ఆ వాసనతో మిగిలింది.

అమెరికాలో నడక దీనికి ఎదురు. అక్కడ తప్పుకునే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. లూసియానాలో ఆడవాళ్లు తామే రాసి ఇస్తే తప్ప జ్యూరీ జాబితాలోకి వచ్చేవారు కాదు. 1975లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. జాబితా సమాజానికి నిజమైన నమూనాగా ఉండాలన్నది ఆ తీర్పు సారం. న్యూయార్క్‌లో డాక్టర్లకు, లాయర్లకు, పోలీసులకు, చివరికి శవాలను భద్రపరిచే వృత్తివాళ్లకు కూడా మినహాయింపులు ఉండేవి. 1996లో అన్నీ తీసేశారు. ఆ తరవాత 1999లో నగర మేయరుగా ఉన్న రూడీ జూలియానీ కూడా జ్యూరీలో కూర్చోవలసి వచ్చింది. 2015లో మాజీ అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ బుష్ డాలస్‌లో, 2017లో ఒబామా షికాగోలో పిలుపు అందుకుని వెళ్లారు, ఎంపిక కాకుండా తిరిగొచ్చారు. నా ప్రాజెక్టు గడువు గురించిన మూడు పేరాలు ఈ వెలుగులో మళ్లీ చదువుకుంటే చెవులు వేడెక్కాయి.

వాయిదాను అంత ఉదారంగా ఇవ్వడానికి మూలం ఇక్కడుంది. శాశ్వతంగా వదిలేస్తే జాబితాలో ఒక రకం మనుషులు తగ్గిపోతారు. తేదీ మారిస్తే ఎవరూ తగ్గరు.

జీతం, జరిమానా, దొంగ ఫోన్లు

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ పెద్దగా డబ్బు లేదు. ఫెడరల్ కోర్టు రోజుకు 50 డాలర్లు ఇస్తుంది. టెక్సస్ మొదటి రోజుకు 20, తరవాత రోజుకు 58. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లో రెండో రోజు నుంచి 15.

జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. ఫెడరల్ కోర్టు జ్యూరర్ల విషయంలో అలా చేసిన యజమానికి 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. జీతం ఇవ్వాలా అన్నది వేరే ప్రశ్న. ఓవర్‌టైమ్ వర్తించని నెలజీతపు ఉద్యోగి ఆ వారంలో కొంతైనా పనిచేసి ఉంటే, జ్యూరీకి వెళ్లిన రోజు పేరుతో జీతం కోయకూడదు. కోర్టు ఇచ్చిన సొమ్ము వరకు సర్దుకోవచ్చు. కన్సల్టెన్సీ ద్వారా గంటకింత అని పనిచేసేవాళ్లకు ఆ రక్షణ లేదు, చాలా రాష్ట్రాల్లో ఆ రోజు సంపాదన పోయినట్టే. మసాచుసెట్స్ లాంటి చోట మొదటి మూడు రోజుల జీతం యజమానే ఇవ్వాలి. గంటల లెక్కన పనిచేసేవాళ్లు ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి మొదలయ్యే సందు చూసుకుని వాయిదా తేదీ పెట్టుకోవడం తెలివైన పని.

కాగితం పడేయమన్న సలహా సంగతి. ఫెడరల్ సమన్లను బేఖాతరు చేస్తే 1,000 డాలర్ల దాకా జరిమానా, మూడు రోజుల దాకా జైలు, సమాజసేవ, వీటిలో ఏదైనా లేదా అన్నీ. టెక్సస్‌లో కోర్టు ధిక్కారం కింద 100 నుంచి 1,000 డాలర్ల జరిమానా వేయవచ్చు. మినహాయింపు కోసం తెలిసి అబద్ధం రాసినవాళ్లకూ అదే వర్తిస్తుంది.

ఈ భయాన్నే పెట్టుబడిగా పెట్టుకున్న దొంగలున్నారు. “మీరు జ్యూరీకి రాలేదు, అరెస్టు వారెంటు ఉంది, గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పండి” అని షెరీఫ్ ఆఫీసు పేరుతో ఫోన్లు చేస్తారు. ఏ కోర్టూ ఫోనులో డబ్బు అడగదు, గిఫ్టు కార్డు అసలే అడగదు. పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే అత్తయ్యలకు, మామయ్యలకు ఈ రెండు వాక్యాలు చెప్పి ఉంచండి.

లండన్‌లో లెక్క వేరు

అమెరికా మాట విని ఇంగ్లండులోని బంధువులు పొరపడే ప్రమాదం ఉంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు జ్యూరీ వర్తించదు అనుకుంటారు. అక్కడ గీత పౌరసత్వం దగ్గర లేదు, ఓటర్ల జాబితా దగ్గర ఉంది. కామన్‌వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటూ ఓటరుగా నమోదు కావచ్చు. ఆ జాబితాలో ఉండి, 18 నుంచి 75 ఏళ్ల మధ్య వయసులో, 13 ఏళ్ల వయసు తరవాత కనీసం అయిదేళ్లు బ్రిటన్‌లో నివసించిన మనిషిని పిలవవచ్చు. అంటే భారతీయ పౌరుడిగానే ఉంటూ లండన్ కోర్టులో ఒకరి దోషిత్వం తేల్చే పన్నెండు మందిలో మీరూ ఒకరు కావచ్చు. సొంత దేశంలో దొరకని పని!

అక్కడ పిలుపు అందిన ఏడు రోజుల్లో జవాబివ్వాలి. సేవ మామూలుగా పది పనిదినాలు. వాయిదా ఒక్కసారే, అదీ వచ్చే 12 నెలల్లోపు ఏ రోజుల్లో రాగలరో చెబుతూ అడగాలి. జవాబివ్వకపోయినా, హాజరు కాకపోయినా 1,000 పౌండ్ల దాకా జరిమానా.

ఫిబ్రవరి సోమవారం

పెళ్లి బాగా జరిగింది. ఒంట్లో ఇంకా ప్రయాణపు నిద్రమత్తు ఉండగానే ఆ సోమవారం వచ్చింది. పొద్దున్న ఏడున్నరకే పార్కింగు నిండిపోయింది. లోపల బెల్టు తీసి ట్రేలో వేసి, పెద్ద హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నా పక్కన ట్రక్కు డ్రైవరు, ఆయన పక్కన బడి టీచరు, ముందు వరసలో అల్లిక పని చేసుకుంటూ ఒక ముసలావిడ. పదింటికి కొందరిని పేర్లు పిలిచి పై అంతస్తుకు తీసుకెళ్లి, చేతికి నంబరు అట్టలు ఇచ్చారు. నాది 47.

కేసు దొంగతనానికి సంబంధించినది. మొదట ప్రాసిక్యూటరు, తరవాత నిందితుడి తరఫు లాయరు వరసల వారీగా ప్రశ్నలు అడిగారు. సాక్షి ఒక్కరే ఉంటే నమ్మగలరా, నిందితుడు నోరు విప్పకపోతే అనుమానిస్తారా, ఇలాంటివి. విందులో మా తమ్ముడి వరస అబ్బాయి నేర్పిన మాట చెప్పే అవకాశం నా దాకా వచ్చింది. పోలీసుల మాట మీద మీ అభిప్రాయం ఏమిటని అడిగారు. ప్రమాణం చేసి ఉన్నాను, పైగా ఎదురుగా నిందితుడు కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. అందరి మాట విన్నట్టే వింటాను అన్నాను.

టెక్సస్‌లో మరణశిక్షకు తావులేని పెద్ద నేరాల కేసుల్లో ఒక్కో పక్షం కారణం చెప్పకుండా పది మందిని కొట్టివేయవచ్చు. రెండు వైపులా కలిపి ఇరవై. కొట్టివేతలు పోగా వరసలో ముందున్న పన్నెండు మంది జ్యూరీ అవుతారు. ఆ లెక్కన 32 దగ్గరే కథ ముగుస్తుంది, కారణం చూపి పంపించేసినవాళ్లు ఉంటే ఇంకాస్త ముందుకు జరుగుతుంది. 47వ అట్ట పట్టుకున్నవాడికి ఈ లెక్క చెప్పి ఉంటే పొద్దున్నంతా గుండె అంతగా కొట్టుకునేది కాదు.

మూడింటికి పన్నెండు పేర్లు చదివారు. అల్లిక ముసలావిడ లేచి, దారపు ఉండ సంచిలో వేసుకుని, జ్యూరీ పెట్టెలోకి వెళ్లి కూర్చుంది. మిగిలిన మమ్మల్ని పంపించేశారు. ఇరవై డాలర్ల చెక్కు తరవాత పోస్టులో వచ్చింది, పిజ్జా కూపన్ల మధ్య.